డాక్టరు రాసిన మందు వాడుతూ ఆఫీసు డ్రగ్ టెస్టుకు వెళ్లడం ఎలా: బెంగళూరు, చెన్నై ఉద్యోగులకు సమగ్ర మార్గదర్శి

“రాత్రి నిద్రకు డాక్టరు రాసిన మాత్ర వేసుకుంటున్నాను, సోమవారం జాయినింగుకు ముందు డ్రగ్ టెస్టు ఉందన్నారు, ఇప్పుడు ఏం చేయాలి?” బెంగళూరులో ఉద్యోగుల ఆరోగ్య పరీక్షలు జరిగే చోట పనిచేస్తున్నందువల్ల, మన తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది పరీక్షకు ముందురోజు రాత్రి అడుగుతారు. ఆ వేళకు చేయగలిగింది తక్కువ. కనీసం వారం ముందు మొదలుపెట్టేవారిని దృష్టిలో ఉంచుకుని ఈ క్రమాన్ని రాస్తున్నాను.

పరీక్షను తప్పించుకునే ఉపాయాలు ఇందులో లేవు. సక్రమంగా మందు వాడుతున్న మనిషికి అవి అవసరం లేదు. మీకు డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ ఉందన్న సంగతి మూత్ర నమూనాకు తెలియదు కాబట్టి, ఆ చీటీ చదవగలిగిన వైద్యుడి చేతికి అది ఫలితం కంటే ముందే చేరేలా చూసుకోవడమే మీరు చేయవలసిన పని.

## 1. అది ఏ పరీక్షో రాతపూర్వకంగా తెలుసుకోండి

డ్రగ్ టెస్టులన్నీ ఒకటి కావు. అమెరికా క్లయింట్ల కోసం పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కువగా అడిగేది ఐదు ప్యానెల్ మూత్ర పరీక్ష. ప్యానెల్ అంటే పరీక్ష వెతికే ఒక్కో తరగతి. యాంఫెటమిన్లు (ఉత్తేజకాలు), కొకైన్, గంజాయి, ఓపియేట్లు (నల్లమందు జాతివి), పీసీపీ (భ్రాంతులు కలిగించే మత్తు పదార్థం) అనే ఐదు తరగతులను మాత్రమే అది వెతుకుతుంది. పది ప్యానెల్ పరీక్షలో సాధారణంగా వీటికి బెంజోడయజెపైన్లు (నిద్రకు, ఆందోళనకు ఇచ్చే మందులు), బార్బిట్యురేట్లు (పాతతరం నిద్ర, మూర్ఛ మందులు), మెథడోన్, మెథాక్వలోన్, ప్రొపాక్సిఫీన్ కలుస్తాయి.

ఆందోళనకు ఆల్‌ప్రజోలామ్ వాడే మనిషికి ఈ తేడా చాలా పెద్దది. ఆల్‌ప్రజోలామ్ బెంజోడయజెపైన్ తరగతికి చెందినది కాబట్టి ఐదు ప్యానెల్ దాన్ని వెతకనే వెతకదు. పది ప్యానెల్ వెతుకుతుంది.

పరీక్షకు రెండు దశలు ఉంటాయని కూడా తెలిసి ఉండాలి. మొదటిది స్క్రీనింగ్. ఇది యాంటీబాడీల ఆధారంగా, అణువు ఆకారపు పోలికను బట్టి పనిచేస్తుంది; పోలిక ఉన్న మరో తాళంచెవికి కూడా తెరుచుకునే చవక తాళం లాంటిది. రెండోది కన్ఫర్మేటరీ పరీక్ష. జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం మీద చేసే ఈ పరీక్షలో అణువు ఏదో పేరుతో సహా తేలుతుంది. మొదటి దశ ఫలితంతోనే ఎవరినైనా దోషిగా చూడటం శాస్త్రం తెలియనితనం, కానీ అది జరుగుతూనే ఉంటుంది.

హెచ్‌ఆర్‌కు గానీ పరీక్ష ఏజెన్సీకి గానీ ఈమెయిల్‌లో అడగవలసినవి:

- ఎన్ని ప్యానెళ్లు, ఏయే తరగతులు?
- అక్కడికక్కడ కిట్‌తో చేస్తారా, ల్యాబుకు పంపుతారా? ఆ ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను ధ్రువీకరించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా?
- స్క్రీనింగ్ పాజిటివ్ వస్తే అదే నమూనాపై కన్ఫర్మేటరీ చేస్తారా, ఖర్చు ఎవరిది?
- రిపోర్టు మొదట వైద్యుడు చూస్తాడా, నేరుగా హెచ్‌ఆర్‌కు వెళుతుందా?

నాలుగో ప్రశ్నను మాత్రం వదలకండి. అమెరికా రవాణా శాఖ నిబంధనల కింద జరిగే పరీక్షల్లో, ల్యాబు పాజిటివ్ అన్న తర్వాత మెడికల్ రివ్యూ ఆఫీసర్ అనే వైద్యుడు ఉద్యోగితో మాట్లాడి, చీటీని సరిచూసి, ఆ తర్వాతే యాజమాన్యానికి ఫలితం చెబుతాడు. చీటీ సరైనదని తేలితే యాజమాన్యానికి అందేది నెగటివ్ ఫలితమే. ఇక్కడ కొన్ని కంపెనీలు ఆ పద్ధతి పాటిస్తాయి. కొన్నిచోట్ల మాత్రం పీడీఎఫ్ నేరుగా హెచ్‌ఆర్ ఇన్‌బాక్స్‌లో పడుతుంది. అందులోని ఎర్ర అక్షరాలను చదివేది వైద్యం తెలియని ఉద్యోగి. మీ కంపెనీ రెండో రకమైతే మూడో, నాలుగో మెట్లు మీకు రెట్టింపు ముఖ్యం.

## 2. మందుల డబ్బా ముందు పెట్టుకుని జాబితా రాయండి

జ్ఞాపకం మీద ఆధారపడి రాయకండి. గత నెల రోజుల్లో వేసుకున్న ప్రతి మాత్ర, సిరప్, చూర్ణం, లేహ్యం ముందు పెట్టుకుని, స్ట్రిప్ వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు, మిల్లీగ్రాములు రాయండి. బ్రాండు పేరు ఒక్కటే సరిపోదు.

స్ట్రిప్ మీద ఎర్ర రంగులో ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంటే ఆ మందు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదక ద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోనిదని అర్థం. దాన్ని జాబితాలో మొదటి వరుసలో రాయండి. నొప్పికి విరివిగా ఇచ్చే ట్రమడాల్ కూడా 2018 నుంచి ఆ చట్టం కిందికి వచ్చింది.

అసలు చిక్కు, తాము వాడుతున్నామని మనుషులకే తెలియని మందులతో వస్తుంది. ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి:

- పేరు చివర ప్లస్ అని ఉండే కొన్ని డిప్రెషన్ మాత్రలు. ఉదాహరణకు నెక్సిటో ప్లస్‌లో ఎస్సిటలోప్రామ్‌తో పాటు క్లోనజెపామ్ కూడా ఉంటుంది. అది బెంజోడయజెపైన్.
- లిబ్రాక్స్. కడుపులో మెలితిప్పినట్టు ఉంటే డాక్టర్లు రాస్తారు, జనం గ్యాసు మాత్ర అనుకుంటారు. అందులో ఉన్న క్లోర్‌డయజెపాక్సైడ్ కూడా బెంజోడయజెపైనే.
- కోడైన్ కలిసిన దగ్గు సిరప్. కోడైన్‌లో కొంత భాగం శరీరంలో మార్ఫిన్‌గా మారుతుంది.
- అల్ట్రాసెట్ లాంటి పంటి నొప్పి, నడుము నొప్పి మాత్రలు. వీటిలో పారాసిటమాల్‌తో పాటు ట్రమడాల్ ఉంటుంది.
- మూర్ఛకు వాడే గార్డినాల్. ఇది ఫినోబార్బిటాల్, అంటే బార్బిట్యురేట్.

మాదక ద్రవ్యాలతో ఏ సంబంధమూ లేకపోయినా స్క్రీనింగ్‌ను తికమక పెట్టగల మందులు మరికొన్ని ఉన్నాయి. గ్యాసుకు వాడే పాంటోప్రజోల్ గంజాయి తరగతిలో, రానిటిడిన్, ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ యాంఫెటమిన్ తరగతిలో, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ ఓపియేట్ తరగతిలో, సెర్ట్రలిన్ బెంజోడయజెపైన్ తరగతిలో, దగ్గు సిరప్‌లలోని డెక్స్‌ట్రోమెథార్ఫన్ పీసీపీలో తప్పుడు పాజిటివ్ ఇచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. వీటిని వాడిన ప్రతివారికీ అలా వస్తుందని కాదు. కిట్టును బట్టి, మోతాదును బట్టి మారుతుంది. కన్ఫర్మేటరీ పరీక్షలో ఈ గందరగోళం తొలగిపోతుంది కాబట్టి భయపడనవసరం లేదు, జాబితాలో రాస్తే చాలు.

ఇక వంటింటి సంగతి. కోడికూర మసాలాలో వేసే గసగసాలు నల్లమందు మొక్క గింజలే. వాటికి అంటుకుని మార్ఫిన్, కోడైన్ స్వల్పంగా ఉంటాయి. అమెరికాలో ఓపియేట్ స్క్రీనింగ్‌లో పాజిటివ్‌గా లెక్కించే హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచడానికి గసగసాలు తిన్నవారు పాజిటివ్‌గా తేలడం ముఖ్య కారణం. ఇక్కడ దొరికే అనేక కిట్లలో ఇంకా 300 హద్దే ఉంటుంది. కూరలో చెంచాడు పెద్ద విషయం కాకపోవచ్చు గానీ, కన్నడిగుల ఇళ్లలో పండుగకు చేసే గసగసె పాయసం గ్లాసెడు తాగితే లెక్క వేరు. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి గసగసాలు మానేయండి.

ఆయుర్వేదం పేరుతో వచ్చేవన్నీ నిరపాయం అనుకోవద్దు. విజయ అనే పేరుతో అమ్మే నూనెలు, మాత్రలు గంజాయి ఆకుతో తయారైనవే. అవి లైసెన్సుతో అమ్మే సరుకే కావచ్చు, కానీ పరీక్ష వెతికేది గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీని, లైసెన్సును కాదు.

## 3. కాగితాలు సిద్ధం చేసుకోండి

ఒకసారి నెల్లూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి జేబులోంచి నాలుగు మాత్రల ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. మందుల షాపువాడు పది మాత్రల స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి నాలుగు ఇచ్చాడు. పేరు, బ్యాచ్ నంబరు ఉన్న భాగం షాపులోనే ఉండిపోయింది. అబ్బాయి దగ్గర మిగిలింది వెండి రంగు రేకు, దాని మీద సగం తెగిన రెండు అక్షరాలు. బిల్లు లేదు, చీటీ ఇంట్లో ఉందన్నాడు. మందు నిజంగా డాక్టరు రాసిందే, కానీ ఆ బల్ల దగ్గర దాన్ని నిరూపించే దారి లేకపోయింది. వాళ్ల నాన్నగారు నెల్లూరు నుంచి చీటీని ఫోటో తీసి పంపేదాకా పని ఆగిపోయింది.

ఈ అవస్థ రాకుండా ఫైలులో ఉండవలసినవి:

- మీ పేరు, తేదీ, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న చీటీ
- మీ పేరుతో, బ్యాచ్ నంబరుతో ఉన్న మందుల షాపు బిల్లు
- పూర్తి స్ట్రిప్ రెండువైపులా తీసిన ఫోటో
- డాక్టరు లేఖ

బిల్లు పోయిందా? ఆల్‌ప్రజోలామ్, డయజెపామ్, కోడైన్, ట్రమడాల్, జోల్పిడెమ్ వంటివి షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకంపై ప్రత్యేక నిఘా ఉన్న మందుల ప్రభుత్వ జాబితాలో ఉన్నాయి. వీటిని అమ్మిన షాపు, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. నియమం పాటించే షాపులో అడిగితే ఆ నమోదు ఆధారంగా బిల్లు నకలు ఇస్తారు. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకు) వాడే మిథైల్‌ఫెనిడేట్ ఇంకా కఠినమైన షెడ్యూల్ ఎక్స్ జాబితాలోనిది. దానికి చీటీ రెండు ప్రతులు ఉండాలి, ఒకటి షాపులోనే రెండేళ్లు ఉంటుంది.

కర్నూలు డాక్టరు చీటీ బెంగళూరులో, తిరుపతి డాక్టరు చీటీ చెన్నైలో చెల్లుతుందా అని చాలామంది అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ అయినా తెలంగాణ అయినా, రాష్ట్ర వైద్య మండలిలో నమోదైన డాక్టరు రాసిన చీటీ దేశమంతటా చెల్లుతుంది. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ లాంటి చోట చూపించుకుంటున్నవారు ఓపీ పుస్తకంలో మందు రాసిన పేజీని, మొదటి పేజీని స్కాన్ చేసి ఉంచుకోవాలి. యాప్‌లో ఫోన్ మీద మాట్లాడి తెచ్చుకున్న చీటీతో మాత్రం జాగ్రత్త. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందులను, ఎన్‌డీపీఎస్ పరిధిలోని మందులను అలా రాయకూడని జాబితాలో పెట్టాయి. ఈ తరగతి మందు వాడుతుంటే ఒకసారి నేరుగా డాక్టరును కలిసి చీటీ తీసుకోవడం మేలు.

లేఖను డాక్టరు లెటర్‌హెడ్ మీద, చదివేవారు వేరే రాష్ట్రంవారు కాబట్టి ఇంగ్లీషులో రాయించండి. అందులో ఉండవలసిన విషయం ఇంతే: “వీరు ఫలానా తేదీ నుంచి నా పర్యవేక్షణలో క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాములు రాత్రి ఒకటి వాడుతున్నారు. మూత్ర పరీక్షలో ఇది బెంజోడయజెపైన్ తరగతిలో కనిపించవచ్చు. ఈ మోతాదుతో వీరు తమ విధులు నిర్వహించగలరు.” జబ్బు పేరు రాయవలసిన అవసరం లేదు. మందు పేరు, మోతాదు, తేదీలు, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే పని జరుగుతుంది.

తరచూ జరిగే పొరపాటు: “నాన్నకు రాసిన నిద్రమాత్ర ఒకటి వేసుకున్నాను.” మన ఇళ్లలో ఇది దోషమే కాదు, కానీ మీ పేరున చీటీ లేని మందు పరీక్ష దృష్టిలో చీటీ లేని మందే. వెనకటి తేదీ వేయించి చీటీ పుట్టించవద్దు. అది దొరికితే మాత్ర సంగతి పక్కకు పోయి ఫోర్జరీ ముందుకు వస్తుంది. రివ్యూ చేసే వైద్యుడికి జరిగింది జరిగినట్టు చెప్పండి, వీలైతే పరీక్ష తేదీ మార్చమని అడగండి.

## 4. ఎవరికి, ఎంత, ఎప్పుడు చెప్పాలి

వైద్యుడికి అంతా చెప్పండి. హెచ్‌ఆర్‌కు, “డాక్టరు సూచించిన మందు వాడుతున్నాను, వివరాలు పరీక్షించే వైద్యుడికి అందజేస్తాను” అనే ఒక్క వాక్యం చాలు. దాన్ని నమూనా ఇవ్వడానికి ముందే ఈమెయిల్‌లో పంపండి. పాజిటివ్ వచ్చాక చెప్పిన నిజం సాకులా వినిపిస్తుంది.

సమ్మతి పత్రంలో ప్రస్తుతం వాడుతున్న మందులు అనే గడిని ఖాళీగా వదలకండి, అడ్డగీత కొట్టకండి. ఆ పత్రం ఎవరెవరి చేతుల మీదుగా పోతుందో తెలియనప్పుడు “వివరాలు వైద్యుడికి సీలు కవరులో ఇచ్చాను” అని రాసి, నిజంగానే కవరు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

2011 నాటి ఐటీ నియమాలు వైద్య వివరాలను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా పరిగణించి, వాటిని సేకరించే ముందు రాతపూర్వక సమ్మతి తీసుకోవాలన్నాయి. మానసిక చికిత్స వివరాల గోప్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది. గంజాయి తరగతిలో తప్పుడు పాజిటివ్ ఇవ్వగల ఎఫావిరెంజ్ హెచ్‌ఐవీకి వాడే మందు. అది వాడేవారు ఆ సంగతి హెచ్‌ఆర్‌కు చెప్పనవసరం లేదు. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. వైద్యుడితో ఏకాంతంగా మాట్లాడి, నేరుగా కన్ఫర్మేటరీ చేయమని కోరండి.

## 5. మందు మానేయకండి

ఈ మెట్టు చిన్నదే, కానీ తప్పితే ప్రమాదం. రోజూ వాడే ఆల్‌ప్రజోలామ్‌ను, క్లోనజెపామ్‌ను, ఫినోబార్బిటాల్‌ను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. పైగా ఆపినా ప్రయోజనం లేదు. దీర్ఘకాలం వాడిన డయజెపామ్, ఫినోబార్బిటాల్ ఆపిన తర్వాత కూడా వారాల తరబడి మూత్రంలో కనిపిస్తూనే ఉంటాయి. మోతాదు మార్చవలసి వస్తే డాక్టరే మార్చాలి.

## 6. పరీక్ష రోజు

మందు మామూలు వేళకే వేసుకోండి. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు, ఫైలు, ఒక జిరాక్సు సెట్టు వెంట పెట్టుకోండి.

నీళ్లు మామూలుగా తాగండి. ఎలక్ట్రానిక్ సిటీ దాకా ట్రాఫిక్‌లో కూర్చుని, కంగారులో రెండు లీటర్ల సీసా ఖాళీ చేసి వచ్చేవాళ్లుంటారు. నమూనాలో క్రియాటినిన్ (మూత్రంలో సహజంగా ఉండే వ్యర్థ పదార్థం) డెసీలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తగ్గి, సాంద్రత కూడా తక్కువగా ఉంటే దాన్ని పలచబడిన నమూనాగా నమోదు చేస్తారు. దాచడానికి ఏమీ లేని మనిషి మీద అనవసరంగా అనుమానం పడుతుంది.

సీసాలో ఉష్ణోగ్రత పట్టీ ఉంటుంది. నాలుగు నిమిషాల్లోపు 32 నుంచి 38 డిగ్రీల మధ్య చూపించాలి. కాబట్టి ఇచ్చిన వెంటనే అందించండి. మీ కళ్లముందే సీలు వేయించి, సీలు మీద నంబరు, కస్టడీ ఫారంలోని (నమూనా ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో నమోదు చేసే పత్రంలోని) నంబరు ఒకటేనా అని చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఫారం మీద మీ ఫోన్ నంబరు సరిగ్గా ఉందా అని రెండోసారి చూడండి. వైద్యుడు ఫోన్ చేసేది దానికే. ఆ రెండు మూడు రోజులు తెలియని నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తండి, లోను కాల్ అయినా సరే.

## 7. స్క్రీనింగ్ పాజిటివ్ వస్తే

చాలామంది ఈ దశలో రెండు తప్పులు చేస్తారు: గొడవ పెట్టుకోవడం, లేదా సిగ్గుతో ఆఫర్ వదులుకోవడం. రెండూ వద్దు. ఈ వరుసలో నడవండి.

మొదట, రిపోర్టు నకలు అడగండి. అందులో రాసింది స్క్రీనింగ్ ఫలితమా, కన్ఫర్మేటరీయా అని చూడండి. అదే రోజు ఈమెయిల్ రాయండి: “ఇది స్క్రీనింగ్ ఫలితమని అర్థమైంది. నేను వాడుతున్న మందు వివరాలు ఫలానా తేదీన అందజేశాను. అదే నమూనాపై కన్ఫర్మేటరీ పరీక్ష చేయించి, వైద్యుడి సమీక్ష పూర్తయ్యేదాకా నిర్ణయం ఆపవలసిందిగా కోరుతున్నాను.” కొత్త నమూనా ఇస్తానని మీరుగా ప్రతిపాదించవద్దు. వారం తర్వాత ఇచ్చిన నమూనా మొదటిదాని గురించి ఏమీ నిరూపించదు. అమెరికా నిబంధనల కింద పరీక్ష జరిగితే నమూనాను రెండు సీసాలుగా చేస్తారు. ఫలితం తెలిసిన 72 గంటల్లోపు రెండో సీసాను వేరే ల్యాబులో చేయించమని కోరవచ్చు.

కన్ఫర్మేటరీ వచ్చాక దాన్ని చదవడంలోనే అసలు మెలకువ ఉంది. డయజెపామ్ ఒక్కటే వాడిన మనిషి రిపోర్టులో నార్‌డయజెపామ్, టెమజెపామ్, ఆక్సజెపామ్ అని మూడు పేర్లు రావచ్చు. చదివేవారు “మూడు రకాలు వాడుతున్నాడు” అనుకుంటారు. అవి మూడూ డయజెపామ్ శరీరంలో మారగా వచ్చినవే. కోడైన్ సిరప్ తాగినవారిలో కోడైన్‌తో పాటు మార్ఫిన్ కనిపించడం కూడా అంతే. హెరాయిన్‌ను పట్టించే గుర్తు వేరే ఉంది, దాని పేరు 6-ఎంఏఎం. ఓపియేట్ అనుమానం ఉన్నచోట దాన్ని కూడా చూశారా అని అడగండి. అది లేకుండా, కోడైన్ చీటీ మీ చేతిలో ఉంటే మీ మాటకు బలం చేకూరుతుంది.

దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా ఉంది. మాత్ర వాడుతున్నానని మీరు లేఖ ఇచ్చారు, స్క్రీనింగ్‌లో ఏమీ రాలేదు. క్లోనజెపామ్, లోరజెపామ్ చాలా కిట్లకు సరిగా దొరకవు; మిథైల్‌ఫెనిడేట్‌ను మామూలు యాంఫెటమిన్ పరీక్ష పట్టదు; జోల్పిడెమ్ ఈ ప్యానెళ్లలోనే లేదు. నెగటివ్ వస్తే మీరు అబద్ధమాడారని కాదు. ఎవరైనా అడిగితే ఈ మాటే చెప్పండి.

## 8. డ్రైవింగు, విమానాలు, యంత్రాల పనులు

చీటీ ఉంది కాబట్టి ఈ ఉద్యోగాల్లో గొడవ లేదనుకోవద్దు. ఇక్కడ ప్రశ్న రెండు ముక్కలు: మందు సక్రమంగా తీసుకున్నదేనా, ఆ మందు వేసుకుని ఈ పని చేయవచ్చా. శ్రీపెరంబుదూరు కర్మాగారంలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే వ్యక్తికి, ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రి క్యాబ్ నడిపే వ్యక్తికి రెండోదే ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్, వాహనాన్ని అదుపులో ఉంచలేనంతగా డ్రగ్ ప్రభావంలో నడిపితే నేరమంటుంది. మత్తు కలిగించే మందు డాక్టరు రాసిందే అయినా ఆ స్థితిలో నడపకూడదు.

విమానయానంలో డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నియమాలు 2022 జనవరి 31 నుంచి అమల్లో ఉన్నాయి. విమాన సిబ్బందిలోనూ, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లలోనూ ఏటా కనీసం 10 శాతం మందికి ముందు చెప్పకుండా పరీక్ష చేయాలి. వెతికే తరగతుల్లో బెంజోడయజెపైన్లు, బార్బిట్యురేట్లు కూడా ఉన్నాయి. స్క్రీనింగ్‌లో తేడా వస్తే కన్ఫర్మేటరీ వచ్చేదాకా విధుల నుంచి తప్పిస్తారు. కాబట్టి ఈ రంగంలోవారు మందు మొదలుపెట్టిన రోజే విమానయాన వైద్య పరీక్షకుడికి తెలియజేయాలి, పరీక్ష కబురు వచ్చాక కాదు.

ఇటువంటి ఉద్యోగాల్లో డాక్టరు లేఖలో మరొక వాక్యం అడగండి: మందు వేసుకున్న తర్వాత ఎన్ని గంటలు యంత్రం నడపకూడదో. మత్తు తక్కువగా ఉండే ప్రత్యామ్నాయం ఉందేమో కూడా అదే సందర్భంలో అడగవచ్చు. మోతాదు మారినా, మందు మారినా లేఖను కొత్తగా రాయించి, పాతదాన్ని పారేయకుండా దాని వెనక పిన్ను చేసి ఉంచండి. ముందు చెప్పకుండా జరిగే పరీక్షలో వైద్యుడు అడిగేది ఆ రోజుకు చెల్లే మోతాదును, అది మొదలైన తేదీని.